పదకొండున్నర అడుగుల పాప ఊళ్లోకి వస్తే

(విశాఖపట్నంలో వీధినాటకాలు వేసే యువతీయువకుల శిబిరంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పోకుండా రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, గొంతు కాస్త పెంచే మాట్లాడతాను, కోప్పడుతున్నాను అనుకోకండి.

నన్ను ప్రపంచంలో వీధినాటకం గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద సంగతి నా వల్ల కాదు. ఒక్క బొమ్మ గురించి చెబుతాను. అది నడిచిన దారి, చివరికి చేరిన ఊరు, ఆ ఊరు దాన్ని లోపలికి ఎలా పిలిచింది, అంతే. మధ్యలో డౌట్లు వస్తే రాసుకోండి, చివర్లో చూద్దాం.

2021 జూలై 27. టర్కీలో గాజియాంతెప్ అనే నగరం. సిరియా సరిహద్దుకి దగ్గర కాబట్టి యుద్ధం మొదలయ్యాక లక్షల మంది సిరియా వాళ్లు వచ్చి అక్కడే ఉండిపోయారు. ఆ రాత్రి వీధుల్లో పిల్లలూ పెద్దలూ లాంతర్లు పట్టుకుని నిలబడితే, ఆ వెలుగులో దారి చూసుకుంటూ ఒక పాప నడవడం మొదలుపెట్టింది. పేరు లిటిల్ అమల్. వయసు తొమ్మిదేళ్లు. సిరియా పిల్ల. కథ చాలా చిన్నది: వాళ్లమ్మ తిండి వెతకడానికి వెళ్లి తిరిగి రాలేదు, పాప అమ్మని వెతుక్కుంటూ బయల్దేరింది. ఎత్తు మాత్రం మూడున్నర మీటర్లు, అంటే మన లెక్కలో పదకొండున్నర అడుగులు.

అక్కడ బయల్దేరిన పిల్ల టర్కీ దాటి, గ్రీసు, ఇటలీ, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, జర్మనీ, బెల్జియం మీదుగా నవంబర్ 3న ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ చేరింది. ఎనిమిది దేశాలు, ఎనిమిది వేల కిలోమీటర్లు. నడక అన్నారని ప్రతి అడుగూ కాళ్లతోనే వేసిందనుకోకండి. ఊరికీ ఊరికీ మధ్య వాహనాలున్నాయి, పడవలున్నాయి. ఊళ్లోకి వచ్చాక మాత్రం నడకే. ఏప్రిల్‌లోనే బయల్దేరాల్సింది, కోవిడ్ వల్ల జూలైకి వాయిదా పడింది. మాస్కులు తియ్యాలా వద్దా అని జనం తర్జనభర్జన పడుతున్న రోజుల్లో వీధి నిండా మనుషుల్ని పిలవడానికి ఎంత టెన్షన్ పడి ఉంటారో, ఒక్క షోకి పర్మిషన్ కోసం పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగిన మీకు నేను చెప్పక్కర్లేదు.

(నవ్వులు)

దీని వెనక ఉన్నవాళ్లు రెండు బృందాలు. ఒకటి గుడ్ చాన్స్ అనే నాటక సంస్థ. 2015లో ఫ్రాన్స్ ఉత్తర తీరంలో కాలే అనే రేవు ఊరి పక్కన శరణార్థుల శిబిరం ఉండేది, 'జంగిల్' అనేవాళ్లు దాన్ని. ఇంగ్లండ్ వెళ్లాలని వచ్చి, దాటలేక ఆగిపోయిన వేల మంది అక్కడ టార్పాలిన్ల కింద బతికేవాళ్లు. ఇద్దరు కుర్ర నాటక రచయితలు, జో మర్ఫీ, జో రాబర్ట్‌సన్, ఆ శిబిరం మధ్యలో గుమ్మటంలాంటి పెద్ద డేరా వేసి థియేటర్ నడిపారు. తర్వాత ఆ శిబిరం మీదే ఒక నాటకం రాస్తే, అందులో అమల్ అనే చిన్న పిల్ల పాత్ర ఉంది. మన బొమ్మకి మూలం ఆ పాత్ర. రెండో బృందం దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ వాళ్లు, హ్యాండ్‌స్ప్రింగ్ పపెట్ కంపెనీ. లండన్ నేషనల్ థియేటర్ 2007లో వేసిన 'వార్ హార్స్' నాటకంలో నిలువెత్తు గుర్రాలు చేసింది వీళ్లే. మొత్తం నడకకి ఆర్టిస్టిక్ డైరెక్టర్ అమీర్ నిజార్ జువాబి, పాలస్తీనా దర్శకుడు.

ఇప్పుడు బొమ్మ సంగతి. ఇది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీలో సగం మంది దీని కోసమే వచ్చారని నాకు తెలుసు.

ఒళ్లు బెత్తంతో, కార్బన్ ఫైబర్‌తో చేశారు. బెత్తాన్ని వంచి అల్లిన పక్కటెముకల గూడు లోపల ఒక మనిషి ఉంటాడు. కొయ్యకాళ్ల మీద నిలబడి ఉంటాడు, అమల్ కాళ్లు ఆ కాళ్లే. అతని చేతుల దగ్గర దారాల అల్లిక ఒకటి ఉంటుంది, దాన్ని వాళ్లు 'హార్ప్' అంటారు. ఆ దారాలు లాగుతూ వదులుతూ తల తిప్పడం, కళ్లు కదపడం, ముఖంలో భావం తేవడం అంతా అతని పనే. ఒక పక్క కొయ్యకాళ్ల మీద బ్యాలెన్స్ పోకుండా చూసుకోవాలి, ఇంకో పక్క తొమ్మిదేళ్ల పిల్ల ఒక కుక్కపిల్లని చూసి ఆగినప్పుడు ముఖం ఎలా పెడుతుందో అది చూపించాలి. బయట రెండు చేతులకీ ఇద్దరు, పొడుగాటి కర్రలతో ఆడిస్తారు. అవసరమైతే వెనక నుంచి కాయడానికి ఇంకొకరు. వంతులవారీగా మారతారు. లోపల ఎక్కువసేపు ఉంటే ఒళ్లు హూనమైపోతుంది మరి. గాలి ఇంకో గండం. తేలికగా చేశారు కాబట్టే నడవగలుగుతోంది, తేలిక కాబట్టే గట్టిగా గాలి వీస్తే మనిషితో సహా పక్కకి తూలుతుంది. బొమ్మని ఆడించేవాళ్లలో కొందరు స్వయంగా శరణార్థులుగా బతికినవాళ్లు.

ఒకటి గమనించండి. మన తోలుబొమ్మలాటలో ఆడించేవాళ్లు తెర వెనక ఉంటారు. నిమ్మలకుంటలో చేసే బొమ్మలు కూడా చిన్నవేం కాదు, నాలుగైదు అడుగులవి ఉంటాయి, కానీ మనిషి కనపడడు. ఇక్కడ దాపరికమే లేదు. పక్కటెముకల సందుల్లోంచి లోపలి మనిషి కనిపిస్తూనే ఉంటాడు, చేతుల దగ్గర ఇద్దరూ కనిపిస్తూనే ఉంటారు. ఐదారు నిమిషాలు పోయాక వాళ్లని ఎవరూ చూడరు. వీడియోల్లో పిల్లల చూపు ఎటు ఉందో చూడండి. అందరూ ముఖం వైపే చూస్తుంటారు. అమల్ ఒక్క మాట కూడా మాట్లాడదు. ఊపిరి తీసుకుంటుంది, వంగుతుంది, వేలు చాపుతుంది. అంతే.

ఇంత ఎత్తెందుకు అని అడుగుతారు. నా లెక్క చెబుతాను. వీధిలో అసలు సైజు పిల్లని పెడితే మూడో వరసలో ఉన్నవాడికి కనపడదు, అది మామూలు కారణం. ఇంకోటి ఉంది. శరణార్థి అనగానే మనం పైనుంచి కిందికి చూస్తాం, జాలి పడి చూసినా సరే పైనుంచే. అమల్‌ని అలా చూడ్డానికి కుదరదు, ఎవరైనా మెడ ఎత్తాల్సిందే. ఎత్తి చూస్తే అక్కడున్నది బెదిరిపోయిన చిన్నపిల్ల ముఖం. మెడేమో పెద్దవాళ్లని చూసినట్టు పైకి ఎత్తాం, మనసేమో పిల్లని చూసినట్టు మెత్తబడింది. ఈ తికమక వల్లే ఆ బొమ్మ పనిచేసిందని నా నమ్మకం. యూరప్‌లో ఇంతకంటే భారీ బొమ్మలున్నాయి. ఫ్రాన్స్‌లో రాయల్ ద లుక్స్ వాళ్లు క్రేన్లు పెట్టి, గుంపులు గుంపులుగా మనుషులు తాళ్లు లాగుతూ నడిపించే రాక్షస బొమ్మలు చేశారు. 2018లో లివర్‌పూల్ వీధుల్లో నడిపితే చూడ్డానికి జనం విరగబడ్డారు. అద్భుతమైన పనే, నేను కాదనను. కానీ వాటిని చూసి ఔరా అంటాం, వాటికి భయమేస్తుందేమో అని మనకి తట్టదు.

సరే, నేను అసలు చెప్పాలనుకున్నది ఇది. ఈ నడకలో నాటకం వేసింది బొమ్మ కాదు, ఊళ్లు వేశాయి. నిర్వాహకులు ప్రతి ఊరికీ ముందుగానే వెళ్లి అక్కడి కళాకారుల్ని, పిల్లల్ని, బ్యాండు మేళాల్ని, చర్చిల్ని, మసీదుల్ని కలిసి ఒకటే అడిగారు: ఫలానా రోజు ఒక పిల్ల మీ ఊరికి వస్తోంది, ఎవరూ లేరు, అలిసిపోయి వస్తుంది, మీరేం చేస్తారు? ఇక ఆ ఊరివాళ్లు, మనం మగపెళ్లివారు వస్తున్నారంటే విడిది దగ్గర్నుంచి మేళం దాకా కూర్చుని మాట్లాడుకున్నట్టు, ఎవరెక్కడ నిలబడాలి, ఏ వీధిలో పాట, ఎక్కడ పడుకోబెట్టాలి అని మాట్లాడుకున్నారు. అందుకే ఏ రెండు ఊళ్లలోనూ స్వాగతం ఒకేలా లేదు. వాటికన్‌లో పోప్ ఫ్రాన్సిస్‌ని కలిసింది. ఇంగ్లండ్‌లో ఫోక్‌స్టన్ తీరానికి అక్టోబర్ 19న వస్తే సినిమా నటుడు జూడ్ లా వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పదో పుట్టినరోజు చేశారు. దారిలో పిల్లకి ఒక ఏడు పెరిగిందన్నమాట.

కొన్ని ఊళ్లు రావద్దన్నాయి. దీన్ని దాటేసి పోవడం నాకిష్టం లేదు, పత్రికల్లో మాత్రం రెండు లైన్లలో రాసి వదిలేశారు. గ్రీసులో మెటియోరా అని, ఆకాశానికి నిలబెట్టినట్టుండే కొండరాళ్ల మీద పాతకాలపు క్రైస్తవ మఠాలున్న చోటు. అక్కడి పిల్లలతో అమల్‌కి వనభోజనం ఏర్పాటు చేసుకున్నారు. స్థానిక కౌన్సిల్ కూర్చుని ఓటేసి మరీ వద్దంది. కారణం, ఆర్థడాక్స్ క్రైస్తవులకు పవిత్రమైన చోటికి సిరియా నుంచి ముస్లిం బొమ్మ రావడమేంటి అని. బొమ్మకి మతం అంటగట్టారు, చూడండి! అదే దేశంలో లారిసా అనే ఊళ్లో ఊరేగింపు మీద రాళ్లు పడ్డాయి, గుడ్లు పడ్డాయి. పక్కన నడుస్తున్నది ఆ ఊరి పిల్లలే. కాలేలో ఆ ఊరి మేయరుకి ఇది ఇష్టం లేదు.

నాటకం వేసేవాళ్లుగా మనకి ఇక్కడ ఒక పాఠం ఉంది. రాయి పడిందంటే షో ఫెయిలైందని మనం అనుకుంటాం. అమల్ విషయంలో రాయి వేసినవాడు కూడా తన పాత్ర తను పోషించాడు. నిజంగా ఆ దారిలో వచ్చిన తొమ్మిదేళ్ల పిల్లలకి ఎదురైంది కూడా కొన్ని చోట్ల లాంతర్లు, కొన్ని చోట్ల రాళ్లే కదా. లారిసాలో జరిగింది దాచేసి అంతటా పూలే పడ్డాయని చెప్పుకుంటే అది పర్యాటక శాఖ ప్రకటన అవుతుంది. అలా అని పిల్లల మీద రాళ్లు పడితే చప్పట్లు కొట్టమని కాదు నేననేది. మీ షోలో పిల్లలుంటే ముందు వాళ్ల భద్రత చూసుకోండి, ఆ తర్వాతే సిద్ధాంతాలు.

మాంచెస్టర్‌కి వస్తాను. చివరి ఊరుగా దాన్నే ఎందుకు పెట్టుకున్నారన్నదానికి నేరుగా జవాబు, అక్కడి అంతర్జాతీయ ఉత్సవం వాళ్లు ముగింపు కార్యక్రమాన్ని భుజాన వేసుకున్నారు. కానీ ఆ ఊరికి ఇంకో లెక్కా ఉంది. బట్టల మిల్లుల కాలం నుంచీ బయటివాళ్లు వచ్చి పని చేసి, స్థిరపడిన ఊరు. నూట యాభైకి పైగా భాషలు మాట్లాడతారని చెబుతారు. దానికి తోడు బ్రిటన్‌లో 1999లో ఒక చట్టం వచ్చింది. ఆశ్రయం కోరి వచ్చి, ఉండటానికి చోటు లేనివాళ్లని లండన్‌లో, దక్షిణ తీరంలో గుమిగూడనివ్వకుండా దేశమంతా సర్దాలని. ఇల్లు ఎక్కడిస్తే అక్కడికి వెళ్లాల్సిందే, నాకీ ఊరు కావాలి అనడానికి లేదు. అద్దెలు ఎక్కడ తక్కువ? ఉత్తరాన, పాత మిల్లుల ఊళ్లలో. కాబట్టి మాంచెస్టర్ చుట్టుపక్కల పట్టణాలకి ఎక్కువ మంది చేరారు. అక్కడివాళ్లలో కొందరు చాయ్ పెట్టి ఇంగ్లీషు నేర్పారు, కొందరు మా డాక్టరు అపాయింట్‌మెంట్లు వీళ్లే తినేస్తున్నారని విసుక్కున్నారు. రెండూ ఒకే వీధిలో జరుగుతాయి. అదే ఉత్తరాన షెఫీల్డ్‌లో 2005లో 'సిటీ ఆఫ్ శాంక్చువరీ' అనే ఉద్యమం మొదలైంది, ఊరు ఊరంతా శరణార్థులకు నీడగా ఉందాం అని. 2007లో ఆ ఊరి కౌన్సిలే దాన్ని నెత్తికెత్తుకుంది. అమల్ ఆ షెఫీల్డ్ మీదుగా కూడా వెళ్లింది. అంతకుముందు ఆక్స్‌ఫర్డ్, కవెంట్రీ, బర్మింగ్‌హామ్.

నవంబర్ 3 రాత్రి మాంచెస్టర్‌లో కాసిల్‌ఫీల్డ్ బౌల్ అనే ఆరుబయలు రంగస్థలం దగ్గర ముగింపు. పాత కాలవలు, రైలు వంతెనల మధ్య ఉంటుంది ఆ చోటు. దానికి పెట్టిన పేరు 'వెన్ ది బర్డ్స్ ల్యాండ్'. అమల్‌తో పాటు వీధుల్లో బొమ్మ పిచ్చుకల గుంపు నడిచింది. మామూలు పిచ్చుకలు కావు, వానకోవెల జాతి, ఏటా ఆఫ్రికా నుంచి ఇంగ్లండ్‌కి సముద్రాలు దాటి వచ్చి గూడు కట్టుకునేవి, స్వాలోలు. వాటిని వీసా ఉందా అని ఎవరూ అడగరు, ఆ మాట ఎవరూ పైకి అనలేదు, అనక్కర్లేదు కూడా. వేలల్లో జనం వచ్చారు. పాపకి అమ్మ దొరకలేదు. దొరికినట్టు చూపిస్తే జనం ఏడ్చి, తృప్తిగా ఇంటికెళ్లేవాళ్లు. అలా చూపించకపోవడం మంచి పని. మీరు రాసే స్క్రిప్టుల్లో చివర్లో అన్నీ సర్దేయాలన్న యావ కొంచెం తగ్గించుకోండి అని ఇప్పటికే చాలాసార్లు మొత్తుకున్నాను.

ఇక్కడ ఎవరో చీటీ పంపారు. చదువుతాను. "బొమ్మకి స్వాగతం చెప్పడం తేలిక కదండీ, మనుషులకి చెప్పారా?" మంచి ప్రశ్న. ఇది మీరు అడక్కపోతే నన్ను నేనే అడిగేవాణ్ణి.

చెప్పలేదు. లేదా సరిపోయినంత చెప్పలేదు. అమల్ ఇంగ్లండ్‌లో నడుస్తున్న రోజుల్లో అక్కడ ఆశ్రయం కోరినవాళ్లకి ఇచ్చే ఖర్చుల డబ్బు వారానికి 39.63 పౌండ్లు. పని చేసుకోనివ్వరు. ఏడాది దాటినా దరఖాస్తు తేలకపోతే అప్పుడు అడగొచ్చు, అది కూడా ప్రభుత్వం రాసిపెట్టిన కొన్ని పనులకే. అప్పుడే పార్లమెంటులో కొత్త బిల్లు నడుస్తోంది, పడవల్లో వచ్చేవాళ్లని వేరే తరగతిగా చూడాలని, 2022 ఏప్రిల్‌లో అది చట్టమైంది. ఆ 2021లో చిన్న చిన్న పడవల మీద, ఫ్రాన్స్‌కీ ఇంగ్లండ్‌కీ మధ్య ఉన్న ఇంగ్లిష్ ఛానల్ దాటి వచ్చినవాళ్లు ఇరవై ఎనిమిది వేలకు పైనే. మాంచెస్టర్‌లో పిచ్చుకలు ఎగిరిన రాత్రికి సరిగ్గా మూడు వారాలు, నవంబర్ 24న, ఫ్రాన్స్ వైపు నుంచి బయల్దేరిన ఒక గాలి పడవ మునిగింది. కనీసం ఇరవై ఏడు మంది చనిపోయారు. ఫోక్‌స్టన్‌లో అమల్ చెయ్యి పట్టుకున్న తీరం ముందున్న నీళ్లే అవి.

ఇంకా ఉంది. 2024 ఆగస్టులో ఇంగ్లండ్‌లో అల్లర్లు జరిగాయి, పేపర్లో చూసే ఉంటారు. షెఫీల్డ్ పక్కనే రోథరమ్‌లో, శరణార్థులు ఉంటున్న హోటల్ మీద పడి, కిటికీలు పగలగొట్టి నిప్పు పెట్టబోయారు. లోపల మనుషులుండగానే. అంటే అంతకు మూడేళ్ల ముందు ఆ ప్రాంతంలో అంత పెద్ద బొమ్మ నడిచి ఏం ఊడబొడిచింది అని మీరడిగితే, నేను నీళ్లు నమలను. చట్టాన్ని ఆపలేదు, పడవని ఆపలేదు, గుంపుని ఆపలేదు. అయితే ఆ తర్వాత రెండు మూడు రోజులకే అదే షెఫీల్డ్‌లో, లివర్‌పూల్‌లో, లండన్‌లో వేల మంది వీధుల్లోకి వచ్చి శరణార్థుల పక్షాన నిలబడ్డారు. వాళ్లంతా అమల్‌ని చూసి మారిపోయినవాళ్లని చెబితే అది అబద్ధం అవుతుంది, నేను చెప్పను. వీధినాటకం చేసే పని ఇంకా చిన్నది. తలుపు వేసుకుని కూర్చున్న మనిషిని ఒక సాయంత్రం గడప దాటించి, పక్కింటివాడి పక్కన నిలబెట్టి, కొత్తగా వచ్చినవాళ్ల వైపు చెయ్యి ఎలా ఊపాలో సాధన చేయిస్తుంది. సాధన చేసినవాళ్లందరూ అసలు రోజున వస్తారని గ్యారంటీ లేదు. రిహార్సల్‌కి వచ్చి షోకి ఎగ్గొట్టినవాళ్లు ఈ హాల్లోనే నలుగురున్నారు, నేను పేర్లు చెప్పను.

(నవ్వులు)

ఈ ఊళ్లో ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఉంది. ఆటో ఎక్కి బర్మా క్యాంప్ అంటే దింపుతాడు, కానీ ఆ పేరెందుకొచ్చిందో మన వయసు పిల్లల్ని అడగండి. రంగూన్‌లో రైస్ మిల్లుల్లో, రేవులో కూలి చేసింది చాలా వరకు మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వాళ్లు. 1941 డిసెంబర్‌లో జపాన్ వాళ్లు రంగూన్ మీద బాంబులేశాక, టిక్కెట్టు కొనగలిగినవాళ్లు ఓడెక్కారు, మిగిలినవాళ్లు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచారు. మొత్తం నాలుగైదు లక్షల మంది భారతీయులు. వేల మంది దారిలోనే పోయారు, కలరాతో, మలేరియాతో, ఆకలితో. మళ్లీ 1960ల్లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక ఇంకో విడత వచ్చారు, వాళ్ల కోసం కట్టిన కాలనీలే ఇవి. వాళ్లకి మనవాళ్లు లాంతర్లు పట్టారో, బర్మావాళ్లని వేరుగా చూశారో, ఆ ఇళ్లలో ముసలివాళ్లు ఇంకా ఉన్నారు, వెళ్లి అడిగి రాసుకోండి. హైదరాబాద్‌లో బాలాపూర్ దగ్గర అదే బర్మా నుంచి తరిమేస్తే వచ్చిన రోహింగ్యాలు వేల మంది గుడిసెల్లో ఉంటున్నారు ఇప్పుడు. వాళ్ల మీద మన వాట్సాప్ గ్రూపుల్లో ఏమేం తిరుగుతుందో మీకు తెలుసు. మెటియోరా కౌన్సిల్‌ని చూసి నవ్వడం చాలా తేలిక.

ఇంకో చీటీ. "మనం చేయగలమా, ఖర్చు ఎంత?" కార్బన్ ఫైబర్ మన వల్ల కాదు. బెత్తం, వెదురు దొరుకుతాయి, వెదురు పని చేసే మేదర కుటుంబాలు మన జిల్లాలోనే ఉన్నాయి, వంపు తిప్పడంలో వాళ్లకి తెలిసినంత మనకి తెలీదు, కాబట్టి డిజైన్ మనం గీసి వాళ్ల చేతిలో పెట్టడం కాదు, మొదటి రోజు నుంచే వాళ్లని కూర్చోబెట్టుకోవాలి, కూలి ఇచ్చి. ఎనిమిది అడుగులతో మొదలుపెడదాం. బీచ్ రోడ్డు మీద మాత్రం వద్దు, గాలికి ఎగిరిపోతుంది, పేటల్లో సందులే మేలు. పైన కరెంటు తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయో ముందే కొలుచుకోవాలి. లోపల నడిచే మనిషికి కొయ్యకాళ్ల అలవాటు ఉండాలి, లేదా మూడు నెలలు కింద పడటానికి సిద్ధపడాలి. మీలో ఎవరికైనా ఆ అలవాటు ఉంటే, లేదా బర్మా క్యాంపులో తాతయ్యలో అమ్మమ్మలో తెలిసినవాళ్లుంటే, టీ తాగేటప్పుడు నన్ను కలవండి. టీ బయట పెట్టారట.